పళ్ళ డాక్టరు దగ్గర కుక్క తోడు

పంటి వైద్యానికి భయపడే పిల్లల పక్కన శిక్షణ పొందిన కుక్కను ఉంచి ఆ భయాన్ని తగ్గించే పద్ధతి అమెరికాలో పాతికేళ్ళకు పైగా పరిశీలనలో ఉంది. మన దేశంలో నవీ ముంబై దంతవైద్యులు దీన్ని పరీక్షించి చూశారు. కృష్ణా డెల్టా ఆసుపత్రులకు ఇది కొత్త. ఇక్కడి ఇళ్ళు, ఇక్కడి ఎండలు, కుక్కంటే ఇక్కడి పిల్లలకున్న జంకు చూసుకోకుండా అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకుంటే మేలు కంటే చెరుపే ఎక్కువ జరగవచ్చు.

పళ్ళ డాక్టరంటే భయం చాలామంది పిల్లలకు ఇంట్లోనే మొదలవుతుంది. అన్నం తినకపోయినా, అల్లరి చేసినా ‘డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయిస్తా’ అని బెదిరించడం మన ఇళ్ళలో మామూలు. ఆ మాట అన్నవాళ్ళు సాయంత్రానికి మరిచిపోతారు, విన్న పిల్లలు మరిచిపోరు. దానికి తోడు పాలపళ్ళంటే చిన్నచూపు. ఎలాగూ ఊడిపోయేవే కదా అని పిప్పిపన్నును వదిలేస్తారు. నిజానికి 20 పాలపళ్ళలో వెనక దవడ పళ్ళు పది పన్నెండేళ్ళ వయసు దాకా నోట్లో ఉండాల్సినవి. అవి ముందే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి, తర్వాత రాబోయే పళ్ళకు చోటు లేకుండా చేస్తాయి. బిడ్డకు ఏడాది నిండేలోపే ఒకసారి పళ్ళ డాక్టరుకు చూపించాలని దంతవైద్య సంఘాలు చెబుతాయి. మన దగ్గర మొదటిసారి చూపించేది మాత్రం దవడ వాచి, రెండు రాత్రులు ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా పోయాకే. లవంగ నూనె అద్ది, నొప్పి మాత్ర వేసి, తెల్లారగానే అవనిగడ్డ నుంచో గుడివాడ నుంచో బస్సెక్కించి బెజవాడ తీసుకొస్తారు. నిద్ర లేదు, సరిగా తిండి లేదు, పన్ను సలుపుతోంది. ఆ స్థితిలో మొట్టమొదటి పరిచయం మత్తు సూదితో అయిన పిల్ల రెండోసారి ఆ గుమ్మం తొక్కనంటే ఆశ్చర్యం లేదు.

భయం అందరిలోనూ ఒకేలా కనిపించదు. గుక్కపట్టి ఏడ్చే పిల్లవాడి సంగతి అందరికీ తెలుస్తుంది. కుర్చీలో కదలకుండా, కుర్చీ చేతులు బిగించి పట్టుకుని, అడిగిన ప్రతిదానికీ తల మాత్రమే ఊపే పిల్లను ‘బుద్ధిమంతురాలు’ అనుకుంటారు. ఆ పిల్ల అరచేతులు పట్టుకుని చూస్తే చల్లగా, చెమటతో తడిసి ఉంటాయి. కుక్క తోడు గురించి ఆలోచించాల్సింది ఈ పిల్ల విషయంలో కూడా.

జంతువు తోడు వైద్యంలోకి రావడానికి దారి చూపినవాడు న్యూయార్క్‌లో పిల్లల మనస్తత్వ వైద్యం చేసిన బోరిస్ లెవిన్సన్. ఒక పిల్లవాణ్ణి తల్లిదండ్రులు చెప్పిన వేళ కంటే ముందే తీసుకురావడంతో, ఆ సమయంలో గదిలో ఉన్న ఆయన పెంపుడు కుక్క జింగిల్స్ ఆ పిల్లవాణ్ణి పలకరించింది. మనుషులకు దూరంగా మసిలే ఆ పిల్లవాడు కుక్కకు దగ్గరయ్యాడు, దాని వల్ల డాక్టరుకూ దగ్గరయ్యాడు. ఈ అనుభవాన్ని లెవిన్సన్ 1962లో వ్యాసంగా ప్రచురించాడు. దంతవైద్యంలో చెప్పుకోదగ్గ తొలి పరిశీలన 2001లో అచ్చయింది. పంటి చికిత్సకు వచ్చిన 7 నుంచి 11 ఏళ్ళ పిల్లలు 40 మందిని తీసుకుని, సగం మందికి కుక్క తోడు ఇచ్చి, మిగతా సగానికి ఇవ్వకుండా చూశారు. మొత్తం మీద రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే ‘నాకు భయంగా ఉంది’ అని వస్తూనే నోరు విప్పి చెప్పిన పిల్లల్ని విడిగా చూసినప్పుడు, కుర్చీలో డాక్టరు కోసం ఎదురుచూసే ఆ కాస్త సేపట్లో, కుక్క తోడున్న వాళ్ళ శరీరం కుదుటపడినట్టు తేలింది. నవీ ముంబై వైద్యులు 5 నుంచి 10 ఏళ్ళ పిల్లల మీద చేసి 2021లో ప్రచురించిన పరిశీలనలో కుక్క తోడున్న పిల్లల ఆందోళన తగ్గింది. అమెరికా పిల్లల దంతవైద్య అకాడమీ కూడా పిల్లల్ని చికిత్సకు దారికి తెచ్చే మార్గాల్లో జంతువుల తోడును ఒకటిగా ప్రస్తావించింది.

2001 నాటి ఆ ఫలితాన్ని మెచ్చుకోలు మాటల కింద కప్పెట్టకూడదు. కుక్క అందరికీ పనిచేసే మందు కాదని, భయపడే పిల్లలకు, అందులోనూ ఎదురుచూసే సమయంలో ఎక్కువ పనిచేస్తుందని అది చెబుతోంది. పిల్లల భయం చికిత్స కంటే చికిత్సకు ముందే ముదురుతుంది. వెయిటింగ్ హాల్లో కూర్చున్నప్పుడు లోపలి నుంచి పన్ను తొలిచే ఎయిరోటర్ రొద, ఇంకో పిల్లవాడి ఏడుపు వినబడుతుంటాయి. చేతులకు పని ఉండదు, కళ్ళు తలుపు మీదే ఉంటాయి. కుక్క ఉంటే చేతులకు నిమిరే పని, కళ్ళకు చూసే పని దొరుకుతాయి. పెద్దవాళ్ళు ‘భయపడకు, భయపడకు’ అని పదేపదే అనడంతో లేని భయం కూడా వస్తుంది. కుక్క ఏమీ అనదు, నోరు తెరవమనీ అడగదు. ఒళ్ళో దాని వెచ్చదనం, బరువు, నింపాదిగా ఆడే ఊపిరి తగులుతుంటే పిల్ల ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. ఇంకోటి కూడా ఉంది: కుర్చీలో అంతదాకా తనే అందరికంటే చిన్నది, అందరూ తనకు ఏదో చేసేవాళ్ళే. కుక్క వచ్చాక తను చూసుకోవాల్సిన ప్రాణి ఒకటి అక్కడ ఉంటుంది. ‘కదిలితే ఇది లేస్తుంది’ అని ఆరేళ్ళ పిల్ల తనంతట తనే కాళ్ళు కదలకుండా పెట్టుకుంటుంది. ఎవరు చెప్పినా వినని మాట అది.

ఇంట్లో మంచిగా ఉండే కుక్కనల్లా దీనికి వాడడం కుదరదు. ఈ పనికి కావాల్సింది జాతి కంటే గుణం. లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు ఎక్కువగా కనిపించినా, నెమ్మదైన నాటు కుక్క కూడా పనికొస్తుంది. కొత్తవాళ్ళు మీద చెయ్యి వేసినా, పిల్ల ఉలిక్కిపడి చెవి పట్టి లాగినా, స్టీలు ట్రే దభాలున కింద పడినా తిరగబడకుండా, గోల చేయకుండా ఉండాలి. ఆసుపత్రులకు వచ్చే జంతువుల గురించి అమెరికా అంటువ్యాధుల నిపుణులు 2015లో చెప్పిన జాగ్రత్తలు ఎక్కడికైనా వర్తిస్తాయి: కుక్కకు ఏడాది నిండి ఉండాలి, పచ్చి మాంసం పెట్టకూడదు, ఒక విడతలో గంటకు మించి పని చేయించకూడదు, తాకే ముందూ తాకాకా చేతులు శుభ్రం చేసుకోవాలి. రేబిస్ టీకా గడువు దాటకుండా ఉండడం, నగరపాలక సంస్థ లైసెన్సు ఉండడం ఇక్కడ తప్పనిసరి. వరి మాగాణులు, కాలువలు, ఎలుకలు ఉన్న డెల్టాలో కుక్కకు లెప్టోస్పైరోసిస్ టీకా కూడా మరువకూడదు. ఎలుక మూత్రం కలిసిన నీటి నుంచి కుక్కకూ మనిషికీ సోకే జబ్బు ఇది.

బెజవాడ ఎండ విడిగా చెప్పుకోవాల్సిన సంగతి. మేలో ఇక్కడి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు తాకిన ఏళ్ళున్నాయి. కుక్కకు మనిషిలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూ వేడిని వదులుకుంటుంది. దాన్ని మధ్యాహ్నం తారు రోడ్డు మీద నడిపిస్తే అరికాళ్ళు కాలతాయి. గదిలోకి వచ్చాక కూడా రొప్పుతూనే ఉంటే, భయపడుతున్న పిల్లకు కనిపించేది తెరిచిన నోరు, చాపిన నాలుక, కోరలు. అందుకే వేసవిలో పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల లోపు, ఏసీ ఉన్న గదిలో, కుక్క చల్లబడి నోరు మూసుకున్నాకే పిల్లను పిలవాలి. కుదరకపోతే ఆ నెలలు మానేయడం మేలు.

మనుషులకు తట్టని ఇబ్బంది ఒకటుంది. పళ్ళు శుభ్రం చేసే స్కేలర్ సెకనుకు 25,000 నుంచి 45,000 సార్లు అదురుతుంది. మనిషి చెవికి 20,000కు పైన వినబడదు కాబట్టి మనకు సన్నని కూత, నీటి చప్పుడు మాత్రమే తెలుస్తాయి. కుక్క ఇంచుమించు 45,000 దాకా వినగలదు. మనకు నిశ్శబ్దంగా ఉన్న పరికరం దానికి చెవి పక్కన మోగే ఈల కావచ్చు. కాబట్టి పిల్లల దగ్గరికి తెచ్చే ముందు, ఖాళీ గదిలో స్కేలర్, ఎయిరోటర్, నోట్లోని నీళ్ళు లాగే సక్షన్ ఒక్కొక్కటే నడిపి కుక్కను గమనించాలి. ఊరికే ఆవలించడం, పెదవులు నాక్కోవడం, తల పక్కకు తిప్పుకోవడం, తోక కాళ్ళ మధ్యకు ముడుచుకోవడం అది ఇబ్బంది పడుతోందనడానికి గుర్తులు. ఈ గుర్తులు చదవగలిగిన హ్యాండ్లర్, అంటే కుక్కను వెంట తెచ్చి అదుపులో ఉంచే మనిషి, పక్కన లేకుండా కుక్కను ఒక్క నిమిషం కూడా పిల్లతో వదలకూడదు. హ్యాండ్లర్ చెయ్యి గొలుసు మీద, చూపు కుక్క మీద ఉంటాయి. డాక్టరుకు, నర్సుకు ఆ పని అప్పజెప్పకూడదు.

చికిత్స రోజున జరిగేది ఇలా ఉంటుంది. కుక్క ముందుగానే వచ్చి, హాల్లో ఓ మూల తన దుప్పటి మీద పడుకుని ఉంటుంది. అది లేచి పిల్లకు ఎదురు రాదు, పిల్లే దాని దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళకపోతే బలవంతం లేదు. దూరం నుంచి చూస్తూ కూర్చున్నా చాలు. హ్యాండ్లర్ కుక్క పేరు చెప్పి, ‘దీనికి మెడ కింద నిమిరితే ఇష్టం, నిమురుతావా తల్లీ?’ అని అడుగుతారు. తల మీద చెయ్యి పెట్టనివ్వరు, మెడ పక్కనో వీపు మీదో నిమరనిస్తారు. అయిదు పది నిమిషాలయ్యాక ముగ్గురూ కలిసి లోపలికి నడుస్తారు, హ్యాండ్లర్ పట్టుకున్న గొలుసును పిల్ల కూడా పట్టుకుంటుంది. కుర్చీ దగ్గర కుడివైపు డాక్టరు, ఎడమవైపు సక్షన్ పట్టుకునే సహాయకురాలు ఉంటారు కాబట్టి కుక్కకు మిగిలే చోటు పిల్ల కాళ్ళ వైపే. పిల్ల మోకాళ్ళ మీద ఉతికిన దుప్పటి పరిచి, చిన్న కుక్కయితే ఒళ్ళో పడుకోబెడతారు, పెద్దదయితే పక్కన కూర్చోబెట్టి తల మాత్రం తొడ మీద ఆనిస్తారు. చిగురుకు తిమ్మిరి జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగుతారు. మత్తు సూది పడే ఆ క్షణంలో పిల్ల వేళ్ళు బొచ్చులోకి బిగుసుకుంటాయి. మామూలుగా ఆ చేతులు పైకి లేచి డాక్టరు చేతిని పట్టుకునేవి, ఇప్పుడు కిందే ఉండిపోతాయి. డాక్టరుకు కుక్క వల్ల కలిగే అసలు ఉపకారం ఇదే. గ్లవుజులతో కుక్కను తాకకూడదు, తాకితే మార్చుకోవాల్సిందే. ముఖం నాకనివ్వకూడదు. ఎయిరోటర్ నీళ్ళు చిమ్మే పని మొదలయ్యాక కుక్కను పక్కకు తీసుకెళ్ళడం మంచిది. అప్పటికి కష్టమైన ఘట్టం దాటిపోయి ఉంటుంది. కోత, కుట్లు ఉండే శస్త్రచికిత్స దగ్గరికి కుక్కను రానివ్వకూడదు.

ఇక డెల్టాకు ప్రత్యేకమైన చిక్కు. ఇక్కడి పిల్లల్లో చాలామందికి కుక్క అంటే ఇంట్లో ఒళ్ళో పడుకునేది కాదు, బడికి వెళ్ళే సందులో వెంటపడేది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాడు వీధి కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ దృశ్యాలు ప్రతి ఇంటి టీవీలోనూ ఆడాయి. ఆసుపత్రులు, బడులు, బస్టాండ్ల ప్రాంగణాల నుంచి వీధి కుక్కలను తొలగించాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో ఆదేశించింది. తాతమ్మలు చెప్పే కుక్కకాటు కథల్లో బొడ్డు చుట్టూ వేసే పద్నాలుగు సూదులు తప్పకుండా ఉంటాయి. నరాల కణజాలంతో చేసిన ఆ పాత టీకాను మన దేశంలో 2004 చివరికి ఆపేశారు. ఇప్పుడు టీకా జబ్బకు, పసిపిల్లలకైతే తొడకు వేస్తారు. అయినా కథ మాత్రం మిగిలింది. అంటే ఇక్కడి పిల్ల మనసులో కుక్క, సూది ఒకే కథలో ఉన్నాయి. సూది భయం పోగొట్టడానికి కుక్కను తెస్తే, రెండు భయాలూ ఒకే గదిలో కలుస్తాయి. పాశ్చాత్య దేశాల్లో రాసిన సూచనల్లో ఈ సంగతి కనిపించదు, ఇక్కడ మొదలుపెట్టే వాళ్ళకు ఇదే అన్నిటికంటే ముఖ్యం.

కాబట్టి అడగడంతోనే మొదలుపెట్టాలి. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే తల్లిదండ్రుల్ని విడిగా, పిల్లను విడిగా అడగాలి: ఇంట్లో కుక్క ఉందా, ఎప్పుడైనా కరిచిందా, తరిమిందా, కుక్క బొమ్మ చూపిస్తే ఏమంటుంది? ‘మావాడికి కుక్కలంటే ప్రాణం’ అని తండ్రి అన్నంత మాత్రాన సరిపోదు, వాడు అనాలి. కరిచిన అనుభవం ఉన్న పిల్లకు ఈ పద్ధతి వద్దు. ఆస్తమా, బొచ్చు పడని ఒంటి తత్వం, ఒంటి మీద మానని పుండ్లు ఉన్నవాళ్ళకు, క్యాన్సర్ మందులు వాడుతూ రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లలకు వద్దు. మతం, ఆచారం కూడా గౌరవంగా అడిగి తెలుసుకోవాల్సినవి. భవానీపురం, వించిపేట వైపు నుంచి వచ్చే ముస్లిం కుటుంబాల్లో చాలామందికి కుక్క లాలాజలం తగిలితే కడుక్కునే నియమం ఉంటుంది. మడి, మైల పాటించే హిందువుల ఇళ్ళలో కుక్క తాకితే స్నానం చేయాలంటారు. వద్దన్నవాళ్ళను ఒప్పించే ప్రయత్నం చేయకూడదు, ఎందుకని నిలదీయకూడదు. వాళ్ళు వచ్చే రోజు, కుక్క వచ్చే రోజు వేరుగా ఉంటే గొడవే లేదు. కుక్క ఉండే రోజున గుమ్మం దగ్గరే తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టాలి. కుక్కకు పేరు రాసిన రంగు చొక్కా తొడిగితే అది వీధి కుక్క కాదని దూరం నుంచే తెలుస్తుంది.

సూర్యారావుపేట, గవర్నరుపేట వీధుల్లోని క్లినిక్‌లు చాలావరకు చిన్న గదులు. కుక్కకు విడిగా మూల, బయటికి వేరే దారి ఉండవు, ఇష్టం లేని రోగి తప్పుకునే చోటు ఉండదు. చోటు, పర్యవేక్షణ ఉన్న దంత కళాశాలల్లో దీన్ని మొదలుపెట్టడం తేలిక. బెజవాడకు దగ్గరలో అందుకు అనువైన ప్రాంతం గన్నవరం. అక్కడ ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అదే మండలంలోని చిన్నఅవుటపల్లిలో సిద్ధార్థ దంత వైద్య కళాశాల ఉంది. కుక్క ఆరోగ్యం, గుణం, టీకాలు చూడగలిగిన వాళ్ళు ఒకవైపు, పిల్లల పళ్ళు చూసేవాళ్ళు మరోవైపు ఇంత దగ్గరలో ఉండడం అరుదు. ఈ రెండు చదువులూ ఒక గదిలో కలిస్తే, నెలకు రెండు రోజులు అడిగి వచ్చిన పిల్లలకు మాత్రమే కుక్క తోడు ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు. చేసినదాన్ని చేసినట్టు రాసిపెడితే డెల్టా పిల్లల మీద ఇది ఎంత పనిచేస్తుందో కూడా తేలుతుంది.

కుక్క లేనిచోట, వద్దన్నచోట ఇంట్లో చేయగలిగినవి చాలా ఉన్నాయి. ముందుగా ‘సూది వేయిస్తా’ అన్న బెదిరింపు ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. తాతయ్య, నాయనమ్మలకు కూడా ఈ మాట చెప్పి ఉంచాలి. నొప్పి లేనప్పుడే ఒకసారి క్లినిక్‌కు తీసుకెళ్ళి, కుర్చీ ఎక్కించి దింపించి ఇంటికి తెచ్చేయాలి. ఆ రోజు వైద్యం ఏమీ ఉండకూడదు. బొచ్చు బొమ్మ ఉంటే దాని పళ్ళు పిల్లతోనే తోమించి, చెంచాతో అద్దంలా చూపించి, లెక్కపెట్టించాలి. ఆ బొమ్మను చికిత్స రోజున ఒళ్ళో పెట్టుకోనిస్తే కుక్క చేసే పనిలో కొంత అదే చేస్తుంది. ఇంట్లోని నిజం కుక్క నోరు తెరిచి ఈ ఆట ఆడనివ్వకూడదు, ఎంత మంచిదైనా కరవవచ్చు. ‘అస్సలు నొప్పి ఉండదు’ అని అబద్ధం చెప్పకూడదు. ‘చీమ కుట్టినట్టు ఉంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది’ అంటే పిల్ల నమ్ముతుంది, అది నిజమని తేలాక ఇంకెక్కువ నమ్ముతుంది. ఎడమ చెయ్యి పైకెత్తితే డాక్టరు ఆగుతారని ముందే ఒప్పందం చేసుకుని, ఎత్తినప్పుడు నిజంగా ఆగాలి. కడుపు నిండా తిని, నిద్ర తీరాక, పొద్దుటి పూట అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

చికిత్స అయిపోయాక కుక్క దగ్గర వీడ్కోలు తీసుకుని పిల్ల చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కింది దవడకు మత్తు ఇస్తే పెదవి రెండు మూడు గంటలు తిమ్మిరిగా ఉంటుంది. తెలియక పెదవి కొరుక్కుని పుండు చేసుకునే పిల్లలు ఎక్కువే, కాబట్టి మత్తు దిగేదాకా తినడానికి ఏమీ పెట్టకూడదు, ఓ కన్నేసి ఉంచాలి. కుక్క సాయంతో రెండు మూడుసార్లు కుదురుగా కూర్చున్న పిల్లకు, తర్వాతిసారి కుక్కను హాలు వరకే ఉంచి, ఆపైన కుక్క లేకుండానే రమ్మని చూడాలి. ప్రతిసారీ కుక్క ఉంటేనే కూర్చుంటాననే అలవాటు పడితే, అది దొరకని ఊళ్ళో ఆ పిల్లకు ఇబ్బంది. ఇంత చేసినా నోరు తెరవని పిల్లలు కొందరుంటారు. నాలుగైదు పళ్ళు ఒకేసారి పాడైన మూడేళ్ళ పిల్లలు, స్పర్శను, శబ్దాన్ని భరించలేని ఆటిజం పిల్లలు వాళ్ళలో ఉంటారు. వాళ్ళను గట్టిగా పట్టుకుని పని కానివ్వడం కంటే, నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ ఇచ్చి చేయడమో, అవసరమైతే ఆసుపత్రిలో మత్తు డాక్టరు సమక్షంలో పూర్తి మత్తు ఇచ్చి ఒకే విడతలో పళ్ళన్నీ బాగుచేయడమో సరైన దారి. ఆ దారి గురించి పిల్లల దంతవైద్య నిపుణులతో మొదటి సందర్శనలోనే మాట్లాడుకోవచ్చు.